పురుషుల వరుసలో మణిమాల గారు

1997 జూన్ 2వ తేదీ సోమవారం ఉదయం, మింగళ తౌంగ్‌న్యున్ పేట నుంచి మోకాలి లోతు వాననీటిలో నడిచి వచ్చి, నడుముకు చుట్టుకున్న లోంజీ తడి అంచును మెట్ల దగ్గరే పిండుకుని, శ్రీమతి మణిమాల గారు మన స్కాటిష్ వారసత్వ సంఘం యాంగోన్ కార్యాలయంలో టైపిస్టుగా చేరారు. అరవై ఏళ్ళు నిండిన సందర్భంగా ఈ నెలాఖరున కార్యక్రమాల నిర్వాహకురాలి హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ సాగిన వారి సేవను ఈ ప్రత్యేక సంచికలో ప్రస్తావించే గౌరవం గ్రంథాలయ విభాగంలో ఉన్న నాకు దక్కింది. పొగడ్తలంటే ఆమెకు గిట్టదు. "ఎక్కువ రాయొద్దు తమ్ముడూ, సదివినోళ్ళు నవ్వుతారు" అని ముందే హెచ్చరించారు. ఇన్నేళ్ళలో ఆమె చెప్పిన మాట నేను వినకపోవడం ఇదే మొదటిసారి.

ఈ నగరాన్ని రంగూన్ అనే రోజుల్లో ఓడల పనికీ టేకు వ్యాపారానికీ ఇక్కడికి వచ్చి స్థిరపడిన స్కాట్లాండు కుటుంబాలవారు, తమ సంగీతమూ నాట్యమూ వంటకాలూ పిల్లలు మరచిపోరాదన్న సంకల్పంతో నెలకొల్పుకున్న చిన్న సంఘం మనది. తమ దేశానికి రక్షకుడని వారు కొలిచే సెయింట్ ఆండ్రూ పేరిట ఏటా నవంబర్ 30న జరిపే ఉత్సవమే మన సంవత్సరానికి కేంద్రం. మణిమాల గారు మొదటి రెండేళ్ళు ఆ ఉత్సవానికి ఆహ్వానాలు టైపు చేశారు. మూడో ఏట వంటగది బాధ్యత కూడా వారి మీద పడింది. గొర్రె కాలేయాన్నీ గుండెనూ సన్నగా తరిగి ఓట్స్‌తో కలిపి వండే హాగిస్ అనే వంటకానికి ఇక్కడ గొర్రె దొరకక మేకను వాడించారు. మిరియాలు మాత్రం వారి పూర్వుల గంజాం కొలతలో పడ్డాయి. అతిథులు ముక్కులు తుడుచుకుంటూనే మళ్ళీ వడ్డించుకున్నారు.

2001లో నాట్యం నేర్పే ఉపాధ్యాయురాలు స్వదేశానికి తరలిపోగా, అభ్యాసాలు జరిగే హాల్లోనే నాలుగేళ్ళు టైపు కొడుతూ ప్రతి అడుగునూ కంటితోనే నేర్చుకున్న మణిమాల గారు ఆ బాధ్యతను స్వీకరించారు. ఎనిమిదిమంది వలయంగా నిలిచి ఆడే రీల్ మన ఉత్సవానికి ప్రాణం. అందులో నలుగురు పురుషులు, నలుగురు స్త్రీలు ఉండాలి. మన కార్యాలయంలోని మగవారికి నాట్యమనగానే నడుంనొప్పి వస్తుందన్న సంగతి చదువరులకు విదితమే. స్త్రీ పురుషస్థానంలో ఆడవలసి వస్తే గుర్తుగా చేతికి ఒక రిబ్బను కట్టుకోవడం అక్కడి నాట్యశాలల్లో వాడుక. ఆ మేరకు ఎడమ జబ్బకు నీలి రిబ్బను కట్టుకుని మణిమాల గారు పురుషుల వరుసలో నిలబడ్డారు. ఆనాడు ఒక్క ఏటికని కట్టిన రిబ్బను ఇరవై ఏళ్ళు దాటినా విప్పవలసిన అవసరం రాలేదు.

2008లో తుపాను మన హాలు కప్పును ఎగరగొట్టినప్పుడు, పురుషులు మోకాళ్ళదాకా చుట్టుకునే గళ్ళ కిల్టులన్నీ నానిపోయి బూజు పట్టాయి. వాటిని మణిమాల గారు ఇంటికి మోయించి, ఉతికి, తమ సందు పొడుగునా ఆరవేశారు. "ఏటి మణిమాలా, ఈ లోంజీలకి ఇన్ని మడతలేటి?" అని ఇరుగుపొరుగువారు రోజంతా అడిగారట. ఆ నవంబరులో ఆరుబయట టార్పాలిన్ కింద ఉత్సవం యథావిధిగా జరిగింది.

ఇటీవలి సంవత్సరాల గురించి క్లుప్తంగా చెబుతాను. స్కాట్లాండు కుటుంబాలు ఒకటొకటిగా వెళ్ళిపోయాయి. బ్యాగ్‌పైప్ వాయించే పెద్దమనిషి కూడా వెళ్ళిపోవడంతో సంగీతం రికార్డింగు యంత్రం నుంచి రావలసి వచ్చింది, దాని బాధ్యత నాది. ఆడే వయసున్న మన యువకులూ, అందరికీ తెలిసిన దేశ పరిస్థితులవల్ల, ఊరు విడిచారు. మిగిలినవారు మన డ్రైవరు, తోటమాలి, వంటవాడు, టెలిఫోన్ ఆపరేటర్ బేబీ, మరి ముగ్గురు ఉద్యోగినులు. స్కాట్లాండును చూసినవారు వీరిలో ఒక్కరూ లేరు. అయినా ఉత్సవం ఒక్క ఏడూ ఆగలేదంటే అది మణిమాల గారి చలువే.

గత సెప్టెంబరులో స్కాట్లాండులోని ఎడిన్‌బరో కేంద్ర సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మన ఉత్సవ ఛాయాచిత్రాల్లో పురుషుల సంఖ్య తక్కువగా కనిపిస్తున్నదని, ఇకపై రీల్‌లో నలుగురు పురుషులు, నలుగురు స్త్రీలు ఉండి తీరాలని, లేనిపక్షంలో నాట్యాన్ని శాశ్వతంగా తొలగించి ఉత్సవాన్ని విందుకే పరిమితం చేయాలని, పరిశీలనకు తమ ప్రతినిధి శ్రీమతి డంకన్ స్వయంగా వస్తారని దాని సారాంశం. మణిమాల గారు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"నాలుగో మగోణ్ణి నాను ఎక్కణ్ణుంచి తెచ్చేది తమ్ముడూ?" అని నా వైపే చూస్తూ అడిగారు.

"పోనీలే అక్కా, విందైతే జరుగుతాది కదా" అన్నాను.

"తిండి ఎవులైనా పెడతారు. మా అమ్మకి వందకి పైన పెళ్ళిపాటలు వచ్చేవి. టైపు వస్తే సాలు, పాటలేటికని నాను నేర్సుకోలేదు. అమ్మతోటే పోనాయి. మా సుదకి తెలుగు అర్తమవుతాది గానీ నోట రాదు. మనవే నిలబెట్టుకోలేకపోనాను. ఈళ్ళవైనా నా సేతిలో ఉండగా పోకూడదు."

కూతురి పేరు చెప్పేటప్పుడు ఆమె కళ్ళు తుడుచుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె కంట తడి చూడడం నాకు అదే ప్రథమం. ఆ మరుసటి ఆదివారం నుంచి పికప్ బండ్లలో నగర శివార్లయిన లైంగ్‌థార్యార్‌కూ మింగళాడోన్‌కూ తిరిగి, పాత నర్తకులను పేరుపేరునా అడిగారు. ఒక్కరూ రాలేకపోయారు.

నవంబర్ 30న శ్రీమతి డంకన్ ముందు వరుసలో కూర్చున్నారు. కటువైన మనిషి కాదు, అప్పగించిన పనిని నిక్కచ్చిగా చేసే మనిషి. సరిగ్గా ఆ ఉదయమే బేబీ కాలు మెట్టు జారి బెణికింది. నాలుగో పురుషుడు లేని లోటు అలాగే ఉండగా ఇప్పుడు నాలుగో స్త్రీ కూడా లేదు. మణిమాల గారు ఎప్పటిలాగే రిబ్బను కట్టుకుని తమ స్థానంలో నిలబడ్డారు. ఎదురుగా స్త్రీల వరుసలో ఒక స్థానం బోసిగా ఉంది. ఏడుగురితో ఆ నాట్యం సాగదు. శ్రీమతి డంకన్ కలం మూత తీశారు.

అప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఒక పెద్దాయన లోపలికి వచ్చారు. మణిమాల గారి భర్త హరినాథ్ గారు, రైల్వేస్టేషను దగ్గర కిరాణా కొట్టు నడుపుతారు. ఏటా ఉత్సవం రోజున భార్యను ఇంటికి తీసుకువెళ్ళడానికి వచ్చి, సిగ్గుపడి బయట బల్ల మీదే కూర్చునేవారు. నేను ఉత్సాహంగా ఒక కిల్టు తీసి అందించబోయాను.

"అది నాకెందుకు బాబూ? నాకు మగోళ్ళ అడుగులు రావు" అన్నారాయన, లోంజీ ముడి బిగించుకుంటూ. "ఇంట్లో సాదన సేసినప్పుడు ఈవిడే మగోడు. ఇన్నేళ్ళూ నాను నేర్సుకున్నవి ఆడోళ్ళ అడుగులే."

అలా అని స్త్రీల వరుసలోని ఖాళీలో, భార్యకు ఎదురుగా నిలబడ్డారు. హాలంతా గొల్లుమంది. మణిమాల గారు మాత్రం నవ్వలేదు. "తప్పకండి, కుడి సెయ్యి ముందు" అని హెచ్చరించి నాకు సైగ చేశారు. నేను సంగీతం పెట్టాను. ఆయన ఒక్క అడుగూ తప్పలేదు. మలుపుల్లో డ్రైవరును కూడా ఆయనే భుజం పట్టి దారిలో పెట్టారు. భర్తతో చేతులు కలిపి తిరుగుతున్నప్పుడు మణిమాల గారి ముఖంలో కనిపించిన గర్వాన్ని వర్ణించే శక్తి నాకు లేదు.

ఆట ముగిశాక శ్రీమతి డంకన్ లేచి, వేలు చూపిస్తూ లెక్కపెట్టారు. నలుగురు పురుషులు, నలుగురు స్త్రీలు. మరోసారి లెక్కపెట్టి, ఎవరు ఏ వరుసలో నిలవాలో నిబంధనలో లేదని చెప్పి, పకపకా నవ్వి సంతకం చేశారు. నాట్యం కొనసాగుతుందన్న ఉత్తర్వు జనవరిలో అందింది.

ఇక ఒక సంగతి ఒప్పుకోవాలి. మణిమాల గారు నాలుగో పురుషుడి కోసం ఊరంతా తిరుగుతున్న రోజుల్లో, రెండు కాళ్ళూ చక్కగా ఉన్న ఒక పురుషుడు రోజూ వారి ఎదుటి బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఆమె అడగలేక చూసిన చూపు అర్థమై కూడా అతడు యంత్రం వెనక దాక్కున్నాడు. వారి విరమణతో ఖాళీ అవుతున్న పురుషస్థానానికి ఈ వ్యాసం ద్వారా అతడు తన పేరు నమోదు చేసుకుంటున్నాడు.

అక్కా, యంత్రం మీట నొక్కడం బేబీ నేర్చుకుంది. మొదటి పాఠం నిన్న హరినాథ్ బావగారి కొట్టు వెనక అయింది, రెండు బియ్యం బస్తాలు కూలాయి. నేను కుదురుగా ఒక రీల్ ఆడడానికి ఎంత తక్కువ వేసుకున్నా నలభై ఏళ్ళు పడుతుందని బావగారు తేల్చారు. అందుచేత మీరిద్దరూ చెక్కుచెదరని ఆరోగ్యంతో, నొప్పి ఎరుగని మోకాళ్ళతో, ఆ నలభై ఏళ్ళూ నిండుగా ఉండి నా అడుగులు దిద్దాలని కోరుకుంటున్నాను.

— లోకనాథం, గ్రంథాలయ విభాగం