పొగ ఎటు పోవాలో తెలిసిన పొయ్యి

అమెరికాలోని అయోవాలో ఒక చిన్న ఊరు. వృద్ధాశ్రమం రెండో అంతస్తు గది. ఆరుబయట మాంసం కాల్చుకునే పొయ్యిలు చేసే నోర్డల్ గ్రిల్ కంపెనీని ఇప్పుడు నడుపుతున్న కర్టిస్, తన తాత ఆర్విడ్‌కి ఒకప్పుడు పక్కింటివాడైన స్టానెక్‌ని చూడ్డానికి వచ్చాడు.

"వేదికెక్కి ఒక్క ముక్క చెబితే చాలు, స్టానెక్ తాతా. 'ఆర్విడ్ చేసిన మొదటి గ్రిల్ మీద కాల్చిన మాంసం మొదట తిన్నది నేనే' అని."

"నేను తినలేదు కదరా."

"తిన్నారని మా కంపెనీ చరిత్రలో ఉంది."

"ఎవడు రాశాడు?"

"నేనే రాయించాను."

"అయితే నువ్వే ఎక్కి చెప్పుకో."

"అలా అంటే ఎలా. శనివారం మా అరవయ్యో వార్షికోత్సవం. పెద్ద పెద్ద దుకాణాల వాళ్ళు వస్తున్నారు. తాతయ్య పోయిన దగ్గర్నుంచి జనం ఎగబడి కొన్న కొత్త మోడల్ ఒక్కటీ లేదు. కనీసం కథైనా బాగుంటే నాలుగు ఆర్డర్లొస్తాయి. రాలేదా, చలికాలానికి ఫ్యాక్టరీ మూతే. మీ మనవడూ అక్కడే చేస్తున్నాడు."

"వాడి ఊసెత్తకు. ఇంతకీ ఏం కథ?"

"ఇరుగుపొరుగు స్నేహం. ఆ స్నేహంలోంచి పుట్టిన గ్రిల్."

"స్నేహమా."

"అంటే, చిన్న చిన్న మాటపట్టింపులు ఎక్కడైనా..."

"చిన్నవా? మీ గ్రిల్‌కి పొగగొట్టం ఎడమ పక్కకే ఎందుకు వంగి ఉంటుందో చెప్పు."

"గాలి బాగా ఆడాలని. ప్రకటనల్లో కూడా అదే వేశాం."

"మా ఇల్లు ఎడమ పక్కనుందని. మా ఆవిడ దుప్పట్లు ఉతికి ఆరేసే రోజు చూసుకుని మరీ వెలిగించేవాడు. పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా మా ఒంటి మీద పంది మాంసం వాసనే."

"సరే, అది వదిలేయండి. మూత సంగతి ఊరందరికీ తెలుసు. వానొచ్చినా విందు ఆగకూడదని తాతయ్య..."

"ఎక్కడి వాన? ఆకాశంలో మబ్బు తునక లేదు. టమాటా మొక్కలకి నీళ్ళు పెడుతూ, పైపు కంచె మీదుగా కొంచెం ఎత్తాను."

"కొంచెమేనా?"

"వాడి మామగారు ప్లేటుతో సహా తడిసి ముద్దయ్యాడు. మర్నాటికల్లా మూత బిగించాడు."

"మరి చక్రాలు?"

"నేను కంచె ఎత్తు పెంచాను. పొగంతా తిరిగి వాళ్ళ వంటింట్లోకే పోయింది. మీ నాన్నమ్మ వాణ్ణి తిట్టిన తిట్లు మేం మా ఇంట్లో కూర్చుని విన్నాం. దాంతో గాలెటుంటే అటు తోసుకుపోడానికి చక్రాలు పెట్టాడు."

"పొడుగు కాళ్ళు? నడుం వంచలేని పెద్దవాళ్ళ కోసం కదా..."

"మా కుక్క కోసం. పొయ్యి మీంచి మాంసం సాసేజులు లాక్కొచ్చేది. నేనేం నేర్పలేదు. వద్దని చెప్పనూ లేదు."

"తాతా, ఇవన్నీ శనివారం చెప్పకండి."

"రాను అంటుంటే చెప్పడమేంట్రా."

"రావాలి. కథ వద్దు, పోనీ. ఆర్విడ్ మంచివాడు అనండి చాలు."

"మంచివాడా? మహా మొండివాడు. మా ఆవిడ పోయి నేనిక్కడికి మారితే ఏం చేశాడో తెలుసా? గ్రిల్‌ని ట్రక్కులో వేసుకొచ్చి, కింద కార్లు నిలిపే చోట, సరిగ్గా ఈ కిటికీ కింద వెలిగించాడు."

"మా తాతయ్యా? ఎప్పుడు?"

"ప్రతి ఆదివారం."

"ఆదివారాలు చర్చికి వెళ్తున్నానని చెప్పేవాడే."

"ఇదే వాడి చర్చి. ఓసారి నేను ఫ్యాను కిటికీలో పెట్టి పొగని వాడి మొహం మీదికే కొట్టాను. తర్వాతి వారం చుట్టూ ఓ రేకు తగిలించుకొచ్చాడు."

"గాలి తెర. మా దగ్గర బాగా అమ్ముడైన ఆఖరి మోడల్ అదే."

"బాగానే ఉండేదిలే. వాడు పోయాక మీరేం చేశారు?"

"రంగులు మార్చాం. బాగా చదువుకున్న ఇంజనీర్లని పెట్టాం. ఇదిగో, ఇప్పుడొకటి చేశారు. శనివారం అదే చూపించాలి. చూసినవాళ్ళు బాగుంది అంటారు, వెళ్ళిపోతారు. ఒక్కడూ కొనడు, అలాగని తిట్టనూ తిట్టడు."

"మీ ట్రక్కులో ఆ వెండి రంగుదేనా? ఇక్కణ్ణించి కనిపిస్తోంది."

"అదే."

"ఎవడి మీద కోపంతో చేశారు దాన్ని?"

"ఎవరి మీదా లేదు తాతా. అందరికీ నచ్చాలని చేశాం."

"అదే, చూస్తేనే తెలుస్తోంది."

"మీకు తాతయ్య మీద ఇంకా కోపం పోలేదా?"

"ఎవడి మీద పెట్టుకోమంటావురా కోపం? వాడు పోయిన దగ్గర్నుంచి ఆదివారం పొద్దున్నే కిటికీ తీసుకుని కూచుంటాను. శుభ్రమైన గాలి. చచ్చేంత దిగులుగా ఉంటోంది."

"మరి ఆ మాటే చెప్పండి శనివారం. ఆ ఒక్క మాట చాలు."

"చెప్పను. నీ దుకాణాల వాళ్ళ ముందు నేనేడవాలా? నువ్వు కిందికి పో. ఆ వెండిదాన్ని దించి, కాస్త ఇటు జరిపి వెలిగించు."

"ఇప్పుడా? ఇక్కడ నిప్పు పెట్టనిస్తారా? ఎవరైనా ఫిర్యాదు చేస్తే?"

"ఎవరో ఎందుకురా, ఫిర్యాదు చెయ్యడానికి నేనున్నాగా. పో, వెలిగించు."