మళ్ళీ ఒకటి నుంచి

మిల్లుల సమ్మె జరిగిన మరుసటి ఏడు. కోయంబత్తూరు జైలు, ఖైదీలను చూడ్డానికి వచ్చేవాళ్ళ గది. మధ్యలో ఇనుప కమ్మీలు. పక్కన స్టూలు మీద ఒక వార్డరు. ఆదివారం మధ్యాహ్నం.

"ముందు ఆ చేతులు చూపించు మామా."

"చేతులకేమి?"

"చూపించు అంటే చూపించు. కమ్మీల కాడ పెట్టు. అయ్యో, ఇదేంది? అరచెయ్యంతా కాయలు! తోలు లేసిపోయిండాది. కొడతాండారా నిన్ను?"

"ఎవురూ కొట్టలే పొన్నూ."

"పదేండ్లు మిల్లులో దారం లాగినావు, ఇట్ల కాయలు కాసింది నేను చూడలే. ఇప్పుడు ఎట్ల వచ్చింది?"

"తాడు లాగి."

"ఏ తాడు?"

"ఏయ్, ఇందామ్మా! తమిళ్‌ల పేసు. అదాన్ ఇంగ రూలు."

"అయ్యా, ఇవళుక్కు తమిళ్ సరియా వరాదుంగ. వీట్ల ఇదుదాన్ పేచ్చు."

"సరి, సరి. పదినంజు నిమిషం. సీక్కిరం."

"నాకా తమిళం రానిది? సింగానల్లూరు సంతలో అడుగు మామా, నా తమిళానికి ఎంతమంది గంప ఎత్తుకోని పారిపోయినారో."

"మెల్లిగా. పదైదు నిమిషాలే ఇచ్చినాడు. వాని ఎదుట మన మాటే మేలు. కల్యాణసుందరం వార్డరు, తిరుమంగళం పక్క మనిషి. తమిళం తప్ప ఇంకోటి తెలీదు."

"ఆ మీసాలేంది, చీపురు కట్టను మూతికి కట్టుకున్నట్ల. చూడు, దగ్గుతాండాడు."

"వానికి ఎప్పుడూ దగ్గే. బిడ్డ ఎట్లుండాది?"

"రెండు పండ్లు వచ్చినాయి. ఏడో నెల నిండింది, ఇంగా పేరు లే. అందరూ అడుగుతాండారు. బిడ్డను కన్న అప్ప వచ్చి చెవిలో పేరు చెప్పాల గదా, ఇంగ ఇరవై రెండు దినాలే అని నేనూ చెప్తా ఉండా."

"ఇరవై రెండు."

"అవును, ఇరవై రెండు. ఎందుకు నేల చూస్తావు?"

"ఏం లే."

"దురైసామి వచ్చినాడు మామా."

"యాడికి?"

"మన మిల్లు లైను ఇంటికి. నిన్న విడుదల అయి, వాని ఊరు కినత్తుకడవుకు కూడా పోకుండా నేరుగా నా కాడికే వచ్చినాడు. వాకిట్లో నిలబడి నీళ్ళు అడిగినాడు. తాగినాక అంతా చెప్పినాడు."

"అంతా అంటే?"

"శుక్రవారం నార కొట్టే షెడ్డులో తాడు ఒగటి దొరికింది. ముసలాయన ముత్తుసామి అది నాదే అన్నాడు. ఆయనది కాదంట. ఎవురిదో నీకు తెలుసంట. రేపు పొద్దున జైలు దొర విచారణకు కూర్చుంటే నువ్వు వాయి తెరిచి నిజం చెప్తావంట. పోయి ఆపమ్మా, అన్నాడు."

"ఆ దురైసామికి నోరు ఆగదు."

"వానికి ఆగకపోతే పోనీ. నీకు ఆగాల. ఇరవై రెండు దినాలు మామా! ఎవురి తాడైతే నీకేమి?"

"ముత్తుసామి అన్నకు ఏం చేస్తారో తెలుసా?"

"నాకెందుకు?"

"పారిపోయేదానికి తాడు పేనినాడు అంటారు. కాళ్ళకు బేడీ వేస్తారు. ఆరు నెలలు ఒంటి గది. ఆయనకి అరవై ఏండ్లు పొన్నూ. ముప్పై ఏండ్లు మిల్లులో దూది దుమ్ము మింగిన రొమ్ము ఆయనది. దినమూ పొద్దున్నే ఒళ్ళు వంచితేనే ఊపిరి ఆడతాది. ఆ గదిలో కాళ్ళు చాపేదానికి చోటు లే. నెల దాటడు."

"ఆయన నీకు పంగాళియా, ఒగ రక్తమా? సంబంధియా?"

"ఏమీ కాడు."

"మరి? బిడ్డ నీకు ఏమవుతాది? నేను ఏమవుతా?"

"అరవొద్దు. వాడు చూస్తాండాడు."

"చూడనీ. అదీ చెప్పినాడు దురైసామి. దండాలు తీసి, తాడు లాగి ఒళ్ళు పెంచుకునేదానికా మామా జైలుకు వచ్చినావు? నేను ఇంటింటికీ పోయి నూలు చిక్కు తీస్తా ఉంటే, నువ్వు ఇక్కడ పయిల్వాన్ అయినావా?"

"పయిల్వాన్ కాదు. విను. పొద్దున గంట కొట్టి షెడ్డు తెరిచినాక, పని చెప్పే మేస్త్రీ వచ్చేదానికి ముందర అర గంట ఉండాది. ఆ అర గంటలో పదకొండు మందిమి. ముందర దండాలు, బస్కీలు. కడాసిలో తాడు. ఈ పక్క అయిదుగురు, ఆ పక్క అయిదుగురు. ఒగడు నిలబడి లెక్క చెప్తాడు."

"ఏం లెక్క?"

"నూరు. ఒగటి నుంచి నూరు దాకా ఎవురూ చెయ్యి విడవకూడదు. ఒగడు విడిస్తే పదకొండు మందీ మళ్ళీ ఒగటి నుంచి. అది ముత్తుసామి అన్న పెట్టిన రూలు. తొంబై ఎనిమిదిలో విడిచినా సరే, మళ్ళీ ఒగటి."

"విడిచినోన్ని తిడతారా?"

"లే. తిడితే ఇంకో అయిదు ఎక్కువ. ఎవురూ ఏమీ అనరు. వాని వైపు చూడరు కూడా. ఊరికే మళ్ళీ పట్టుకుంటారు. అదే కష్టం పొన్నూ. తిడితే బాగుండు అనిపిస్తాది."

"నువ్వు విడిచినావా?"

"నేనా? నేను మొదట లాగలే. లేసి నిలబడేదానికే శక్తి లే. రాగి కళి తినేది విడిచిపెట్టినా గదా అప్పుడు. లాగొద్దురా, లెక్క చెప్పు చాలు, అన్నాడు. నా నోట మన మాటలో ఒగటి, రెండు అని వచ్చింది. ఇప్పుడు పదకొండు మందికీ అదే లెక్క. దురైసామి గౌండన్ల తోటలో టెంకాయలు దొంగిలించినోడు, వానికి మన మాట ఒగ ముక్క తెలీదు. వాడూ ముప్పై మూడు, ముప్పై నాలుగు అంటాడు. విను ఒగ దినం, నవ్వు వస్తాది."

"నాకు నవ్వు రాలే మామా. నాలుగు నెలల కింద, ఆడి నెలలో నేను వచ్చినప్పుడు నువ్వు ముఖం ఆ పక్క తిప్పుకున్నావు. గుర్తుండాదా? మూడు నెలల బిడ్డను ఎత్తి పట్టుకుంటే చూడలే. కొంచెం సేపు నిలబడి లోపలికి పోయినావు. నేను బస్సు స్టాండు దాకా ఏడ్చుకుంటా నడిచినా."

"గుర్తుండాది."

"అప్పుడు లేని ప్రాణం ఇప్పుడు వచ్చిండాది నీ ముఖంలో. అది నాకు కనిపిస్తాది. కండ్లు లేవా నాకు? ఆ ముసలాయన పుణ్యమే అనుకో. అందుకే చెప్తాండా, ఆ ప్రాణాన్ని ఎత్తుకోని ఇంటికి రా. రేపు వాయి మూసుకో."

"అదే అయ్యేది లే."

"ఎందుకు అయ్యేది లే? తాడు ఎవురిది? చెప్పు, ఎవురిది?"

"ఎవురిదో."

"మామా."

"ఎవురిదైతే ఏం?"

"నా కండ్లలో చూసి చెప్పు."

"అంజు నిమిషందాన్ ఇరుక్కు."

"సరింగయ్యా. ... పొన్నూ, ఇంగ అయిదు నిమిషాలే ఉండాదంట, నువ్వు పో. బిడ్డ ఏడుస్తా ఉంటాది."

"బిడ్డ పాప్పాత్తి అత్త కాడ నిద్రపోతాది. తాడు ఎవురిది?"

"నాది."

"నీదా?"

"నేను పేనింది."

"పారిపోయేదానికా?"

"లే."

"మరి దేనికి? ... మామా, దేనికి?"

"ఆడి నెలలో నువ్వు వచ్చి పోయినావే. ఆ మరునాటి నుంచి పేనినా. నార కొట్టేటప్పుడు దినానికి ఒగ పిడికిడు దాచి పెట్టి. పొన్నూ, కమ్మీ విడు. కూర్చో."

"నేను కూర్చోను."

"ఎవురి కోసం గేటు ముందర నిలబడినానో వాండ్లు అందరూ మిల్లుకు తిరిగి పోయినారు. సమ్మెలో మిల్లు మేస్త్రీ తల పగలగొట్టింది ఎవురో నాకు తెలుసు, వానికీ తెలుసు, శిక్ష మాత్రం నాకు. వాడు ఒగ దినం ఇక్కడికి వచ్చి నా ముఖం చూడలే. ఇంగ బయటికి వచ్చినా ఏ మిల్లు గేటూ తెరవదు. నేను లేకపోతే నువ్వు మీ అన్న ఇంటికి పోయి బతుకుతావు అనుకున్నా."

"అనుకున్నావా? నన్ను అడిగినావా?"

"లే."

"బిడ్డ చెవిలో చెప్పేదానికి నోరు ఉంచుకోవాల అని తోచలేదా నీకు? నేను పేరు లేని బిడ్డను ఒళ్ళో పెట్టుకోని దినాలు లెక్క పెడతా ఉంటే, నువ్వు ఇక్కడ పిడికిడు పిడికిడు నార దాస్తాండావా? పాపీ. నువ్వు మనిషివా?"

"తిట్టు. తిడితే బాగుంది."

"నేను తిట్టను. నీ రూలు నాకూ తెలిసింది ఇప్పుడు. చెప్పు. ముసలాయనకు ఎట్ల తెలిసింది?"

"నార కుప్ప కింద చెయ్యి పెట్టి బయటికి లాగినాడు. అడుగులో చుట్ట చుట్టి పెట్టింటి. ఆయన తాడును రెండు చేతుల్లో పట్టి, గట్టిగా లాగి చూసినాడు. బాగా పేనినావురా కుళందైసామీ, అన్నాడు. ఒగ మనిషికి ఇంత తాడు ఎందుకు, పదిమందికి పనికొస్తాది, అన్నాడు. అంతే. దేనికి అని అడగలే. ఈ దినం దాకా అడగలే."

"వార్డరుకు చెప్పలేదా?"

"చెప్పుంటే ఆయనకి శిక్ష తగ్గించి ఉంటారు. చెప్పలే. మరునాడు పొద్దున పిలిచినాడు, లెక్క చెప్పేదానికి రా, అని. నేను రాను అన్నా. నువ్వు రాకపోతే పదిమందీ లాగకుండా నిలబడతాం, అన్నాడు. నిజంగా నిలబడినారు పొన్నూ. మేస్త్రీ వచ్చేదాకా, చేతుల్లో నా తాడు పట్టుకోని, ఊరికే. రెండో దినమూ నిలబడినారు. మూడో దినం నేను లేసి వాండ్ల కాడికి పోయి లెక్క చెప్పినా. తర్వాత ఒగోసారి వచ్చేది, అదే ఆలోచన. సావాల అని. వెంటనే అనిపించేది, రేపు నేను లేకపోతే లెక్క ఆగిపోతాది, వాండ్లు మళ్ళీ ఒగటి నుంచి మొదలుపెట్టాల. అట్ల ఒగో దినం దాటినా. ఇది వెర్రి మాట మాదిరి ఉంటాది నీకు."

"లే మామా. వెర్రి మాట కాదు."

"ఇప్పుడు ఆయన చెయ్యి విడవలే. నేను విడిచి, ఇరవై రెండు దినాలు అని ఇంటికి వచ్చి, బిడ్డ చెవిలో ఏమని చెప్పేది?"

"నువ్వు నిజం చెప్తే నిన్ను ఏం చేస్తారు?"

"సావబోయినా కేసే. అందుకే దురైసామి నన్ను ఆపమని నిన్ను పంపినాడు. ఇంకో ఏడాది వేస్తారు."

"సావబోయినందుకు ఏడాదియా? బతికినందుకా?"

"చట్టం."

"ఏం చట్టం అది! ఆ చట్టం రాసినోడు ఒగ దినం మన లైను ఇంట్లో ఉండి చూసింటే తెలిసేది. ... పారిపోయేదానికి పేనినా అని చెప్పలేవా?"

"దానికి ఇంకా ఎక్కువ."

"ఏమీ తెలీదు అని అందరూ చెప్తే?"

"అన్న అప్పుడే నాది అని చెప్పేసినాడు, ఈ మీసాలోని కాడ. రిపోర్టు రేపు పొద్దున దొర మేజా మీదికి పోతాది. ఇంగ తప్పించుకునే దారి లే."

"ఒగ ఏడాది."

"ఊం."

"బిడ్డ అప్పటికి నడుస్తాది. మాటలు వస్తాయి. పేరు అడిగితే అదే చెప్పాల, నాకు పేరు లే అని."

"నువ్వే పెట్టు పొన్నూ. నేను చెప్పకపోతే ఏమి? నాగమ్మాళ్ అని మా అవ్వ పేరు."

"నేను పెట్టను."

"పొన్నూ."

"నేను పెట్టను అంటే పెట్టను. నువ్వు వచ్చే పెట్టాల. ఏడాది అయితే ఏడాది. రేపు పో, దొర ముందర నిలబడి చెప్పు. ఆ ముసలాయన నిన్ను ఎత్తి నా చేతికి ఇచ్చినాడు, ఆయన్ని ఒంటి గదిలో పడేసి నేను నిన్ను ఇంటికి తీసుకపోతే ఆ బువ్వ నాకు దిగదు. చెప్పు. నేను ఇంటికి పోయి మళ్ళీ ఒగటి నుంచి లెక్క పెడతా."

"ఏడవొద్దు."

"నేను ఏడవలే. నువ్వే ఏడుస్తాండావు. కండ్లు తుడుచుకో, ఆ చీపురు మీసాలోడు లేస్తాండాడు."

"నేరమాచ్చు. పోదుం, కెళంబు."

"టైము అయిపోయిందంట, వస్తా మామా. పొద్దున కళి తినే పో. వట్టి కడుపుతో దొర ముందర నిలబడొద్దు."

"బిడ్డను చూసుకో."

"ఆగు తల్లీ, ఈ చీపురు మీసాలోడు చెప్పేది కూడా విని పో: వంటకొట్టం బాయి తాడు తెగిందని ఆ నార తాడు నేనే బాయికి కట్టేసినా, రిపోర్టు రాయలే, రేపు దొర ముందర ఎవురూ వాయి తెరవొద్దు, ఒరే కుళందైసామీ, పొద్దున్నే మీ పదిమందీ బాయి కాడికి వచ్చి నీళ్ళు చేదండి, దురైసామి పోయి ఒగ మనిషి తక్కువ గదా, లెక్క నేను చెప్తా, మా అమ్మ నాకు నేర్పింది కూడా ఈ ఒగటి, రెండే."