ఆల్సీడ్ గారి అరువు గొంతు

లూసియానాలో ఒక చిన్న కాలేజీ ఊరు, మే నెల శనివారం మధ్యాహ్నం. బేస్‌బాల్ మైదానంలో వల వెనక మూడో వరసలో పెద్దాయన ఆల్సీడ్ కూర్చున్నాడు. ఆయన పక్కన, కొడుకు రెమీ సీటులో, రెమీ స్నేహితురాలు కొరీన్.

"ఇంకా గట్టిగా. అది అరుపు కాదమ్మాయ్, చర్చిలో కునుకు తీస్తున్నవాణ్ణి లేపినట్టుంది."

"అందరూ ఇటే చూస్తున్నారు ఆల్సీడ్ గారూ."

"చూడాలి. అందుకేగా అరిచేది. మళ్ళీ అను. వెర్నన్, కళ్ళు ఇంట్లో మర్చిపోయావా."

"వెర్నన్, కళ్ళు ఇంట్లో మర్చిపోయావా."

"రాగం ఏదీ? పేరు దగ్గర సాగదియ్యాలి. వెర్... నన్. పొలం అవతలున్న ఆవుని పిలిచినట్టు."

"మీరు సాగదియ్యకండి. డాక్టరు మీకేం చెప్పాడో రెమీ నాకు వంద సార్లు చెప్పాడు. మామూలుగా మాట్లాడొచ్చు, కొంచెంగా. అరిచారంటే గొంతులో మళ్ళీ కత్తి పెట్టాలట."

"నేను అరిచానా? నీ చేత అరిపిస్తున్నా. పాతికేళ్ళుగా ఇదే సీటు, ఒక్క ఆట మానలేదు. ఇవాళ మూడో వరస నుంచి చప్పుడు లేకపోతే ఆ వెర్నన్ నేను పోయాననుకుని పండగ చేసుకుంటాడు. అందుకే నాకు గొంతుగా ఉండరా అని రెమీని అడిగా. వాడేమో ఫైర్ స్టేషన్లో డ్యూటీ అని నిన్ను పంపాడు."

"పంపలేదండీ. నేనే వస్తానన్నాను."

"ఎందుకు?"

"ఊరికే. బూడాన్ చల్లారిపోతోంది, తినండి. మెల్లగా నమలండి."

"మాట మార్చకు."

"మార్చలేదు. సాసేజ్ తినమన్నాను, అంతే."

"సరే. ముందు ఆట తెలుసుకో, తిట్టు దానంతటదే వస్తుంది. అదిగో, మన పిచర్ బంతి వేస్తున్నాడు. అది నేల మీదున్న ఆ తెల్ల ప్లేటు మీదుగా, బ్యాటు పట్టుకున్న ఆ ఎర్రచొక్కావాడి మోకాళ్ళకి పైన, ఛాతీకి కింద పోయిందనుకో, వాడు కొట్టకపోయినా స్ట్రైకే. మూడు స్ట్రైకులైతే ఔట్. పక్కకి పోతే బాల్. నాలుగు బాల్స్ అయితే వాడు చేతులూపుకుంటూ మొదటి బేస్‌కి నడిచిపోతాడు. ఏది స్ట్రైకో ఏది బాలో చెప్పేవాడే ఆ అంపైరు, వెర్నన్ గిడ్రీ. ఒకసారి నోటి వెంట వచ్చిందా, పోప్ దిగొచ్చినా మార్చడు."

"మార్చడండీ."

"నీకేం తెలుసు?"

"మీరే అన్నారుగా ఇప్పుడు."

"ఏంటి ఆల్సీడ్, గొంతు అద్దెకి తెచ్చుకున్నావా?"

"అద్దెకి కాదు డూయీ, అరువుకి. మా రెమీ స్నేహితురాలు, కొరీన్. కొరీన్, నీ వెనక కూర్చున్నవాడు డూయీ. మర్యాద తెలియని మనిషి. పాతికేళ్ళుగా నా వీపు వెనకే కూర్చుని నా చొక్కా మీద వేరుశెనగ తొక్కలు పోస్తున్నాడు."

"బాగున్నారా డూయీ గారూ?"

"నేను బాగున్నా తల్లీ. నీ అరుపే బాలేదు. ఇంతకంటే మా ఇంట్లో కుక్కర్ నయం."

"విన్నావా అమ్మాయ్? పరువు పోతోంది. అదిగో, చూడు చూడు, నడిమధ్య నుంచి పోయిన బంతిని బాల్ అంటున్నాడు. లే. నిలబడు. చేతులు నోటికి రెండు పక్కలా పెట్టుకో. వెర్నన్, గబ్బిలం కూడా నీకంటే బాగా చూస్తుంది."

"వెర్... నన్... గబ్బిలం కూడా నీకంటే బాగా చూస్తుందయ్యో."

"అబ్బ. ఆ చివర 'అయ్యో' ఎక్కడిది?"

"దానంతటదే వచ్చిందండీ."

"ఉంచు. బాగుంది. ఉంచెయ్. అమ్మాయ్? కొరీన్? ఎక్కడికి పోయావు?"

"ఇక్కడే, కింద ఉన్నాను."

"సీటు కింద ఏం చేస్తున్నావు?"

"వేరుశెనక్కాయ పడిపోయింది."

"ఒక్క వేరుశెనక్కాయకి అంత వెతుకులాటా? నా సంచిలో కావలసినన్ని ఉన్నాయి, పొద్దున్నే ఉడకబెట్టినవి."

"ఇంకా ఇటే చూస్తున్నాడా?"

"ఎవరు?"

"అంపైరు."

"లేదు, తిరిగిపోయాడు. అవునే, వెర్నన్ ఇటు చూశాడు. డూయీ, చూశావా నువ్వు? పాతికేళ్ళలో నేనేమన్నా ఒక్కసారి మెడ తిప్పని మనిషి, ఈ అమ్మాయి అరిస్తే వెనక్కి తిరిగి చూశాడు."

"చూశాను ఆల్సీడ్. దెయ్యం పిలిచినట్టు చూశాడు."

"అమ్మాయ్, నీలో ఏదో ఉంది. పైకి రా. టోపీ అంత కిందకి లాక్కున్నావేం?"

"ఎండండీ."

"ఎండ మన వెనకుంది."

"వస్తుందేమోనని."

"సరే, వేడి మీదున్నావు, ఆగకూడదు. ఇలా అను. వెర్నన్, పొరపాటున మీ ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకొచ్చావేమో, తీసి చూడు."

"వాళ్ళావిడ కళ్ళద్దాలు పెట్టుకోదండీ."

"ఏంటి?"

"అంటే, పెట్టుకోదేమో. తెలియకుండా అనకూడదు కదా."

"ఇది కోర్టు కాదు, సాక్ష్యాలక్కర్లేదు. అను."

"ఆవిణ్ణి వదిలేద్దామండీ. ఆయన టోపీని అంటాను. వెర్... నన్... ఆ టోపీ కింద ఎవరైనా ఉన్నారా, ఖాళీయా?"

"ఓహో. సొంతంగా కూడా వస్తోందే."

"తల్లీ, ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నా. కుక్కర్ కంటే నువ్వే నయం."

"ధన్యవాదాలు డూయీ గారూ. కొట్టాడు కొట్టాడు, చూడండి, మనవాడు కొట్టాడు. పరిగెత్తు, పరిగెత్తు. రెండో బేస్ దాకా వెళ్ళాడు."

"నీ గోళ్ళు నా చేతిలో దిగుతున్నాయమ్మాయ్."

"క్షమించండి. అయ్యో, ఎర్రగా అయ్యింది."

"పర్లేదు, రెండో చెయ్యి కూడా ఉంది. నువ్వు ఆట చూడు. అదిగో మళ్ళీ. డూయీ, అది బాలా? కుడి పక్కన, మోకాలి ఎత్తులో, గీత గీసినట్టు పోయింది. దాన్ని బాల్ అంటాడా? ఎర్రచొక్కాలవాళ్ళ పిచర్ వేసినా అంతే, మన పిచర్ వేసినా అంతే. ఆ మూల ఈ మనిషికి ఎందుకు కనబడదో నాకు జన్మలో అర్థం కాదు."

"కుడి మోకాలు పట్టేస్తుందండీ. కిందకి పూర్తిగా కూర్చోలేడు. పైనుంచి చూస్తాడు కదా, ఆ మూలకి వచ్చే బంతి ఎప్పుడూ కిందకి పోతున్నట్టే కనబడుతుంది."

"మళ్ళీ చెప్పు."

"ఏం లేదండీ."

"మోకాలన్నావు. పాతికేళ్ళుగా ఈ మనిషిని పాఠంలా చదువుతున్నా. మోకాలి సంగతి నాకు దొరకలేదు. నీకు ఎనిమిది ఇన్నింగ్స్‌లో దొరికిందా? లే, లే. ఇంత మంచి తిట్టు చేతిలో పెట్టుకుని కూర్చోకూడదు. వెర్నన్, ఆ మోకాలికి—"

"వద్దండీ."

"ఇంకా నేను పూర్తి చెయ్యలేదు."

"మోకాలు వద్దు. కళ్ళని అనండి, చెవుల్ని అనండి, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అరుస్తాను. మోకాలు మాత్రం వద్దు."

"ఏం?"

"మెట్ల మీంచి పడ్డప్పుడు విరిగింది అది. చేతుల్లో పిల్లని వదిలేసి రెయిలింగ్ పట్టుకునుంటే ఏమీ అయ్యేది కాదు. వదల్లేదు."

"ఏ పిల్లని?"

"ఆరేళ్ళ పిల్లని."

"ఆ పిల్ల ఎవరు?"

"ఇంకో బూడాన్ తెమ్మంటారా?"

"కొరీన్. నీ ఇంటిపేరేంటి?"

"ఆవ సాసు వేసి తెస్తాను, వేడిగా."

"ఇంటిపేరమ్మాయ్."

"గిడ్రీ."

"ఈ చుట్టుపక్కల గిడ్రీలు వందమంది ఉంటారు."

"ఉంటారండీ. అంపైరు మాత్రం మా నాన్నొక్కడే."

"దేవుడా."

"మెల్లగా. గొంతు."

"రెండు గంటల నుంచి నీ చేత నీ కన్నతండ్రిని తిట్టించాను. గబ్బిలం అనిపించాను."

"అది బాగా వచ్చింది కదండీ?"

"నవ్వుతావేంటి పిల్లా? నాకు చెమటలు పడుతున్నాయి. ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే మీరు అరవనిస్తారా? మా ఇంట్లో ఆయన ఒకసారి ఔటంటే ఔటే. పదహారేళ్ళప్పుడు స్కూల్లో డాన్సుకి వెళ్తానన్నా, ఔట్. పక్క రాష్ట్రంలో చదువుకుంటానన్నా, ఔట్. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి ఎదురు చెప్పలేదు నేను. ఇవాళ ఇంతమంది ముందు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ప్రాణం ఎంత హాయిగా ఉందో మీకు తెలియదు."

"నాకు తెలియదా? పాతికేళ్ళుగా ఆ హాయి కోసమేగా వస్తున్నా."

"ఇంట్లో మీ కబుర్లే. మీ పేరు తెలియదు ఆయనకి, మూడో వరస మనిషి అంటాడు. ఆదివారం భోజనాల దగ్గర మీరన్నవన్నీ అమ్మకి వప్పజెప్తాడు."

"కోపంగానా?"

"మొదట కోపంగానే. అమ్మ నవ్విందనుకోండి, ఆయనా నవ్వుతాడు. 'ఒక్క బూతు లేదు, పెద్దమనిషే' అంటాడు."

"అన్నాడా?"

"అన్నాడు."

"మీ అమ్మ వేటికి నవ్వింది?"

"వెర్నన్, నీ కళ్ళకి వయసైపోయింది, వాటికి పెన్షనిచ్చి ఇంటికి పంపించు. దానికి అన్నం మెతుకులు ముక్కులోకి పోయాయి అమ్మకి."

"అది మూడేళ్ళ కిందటిది. నాకూ ఇష్టం అదంటే. డూయీ నవ్వలేదు, వెధవ."

"ఆల్సీడ్ గారూ, నేను ఊరికే రాలేదు ఇవాళ."

"ఆ సంగతి ఇందాకే అర్థమైంది. చెప్పు."

"రెమీ, నేను అక్టోబరులో పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం. వాడు మీతో చెప్పబోయాడు. నేనే ఆపాను. ముందు మీ పక్కన ఒక ఆట కూర్చుని చూస్తానన్నాను."

"ఏం చూద్దామని?"

"మా నాన్నని ఇన్నేళ్ళుగా తిడుతున్న మనిషి ఇంట్లో నేను ఉండగలనా అని. నవ్వుకోడానికి తిట్టేవాళ్ళు వేరు, మనసులో పెట్టుకుని తిట్టేవాళ్ళు వేరు కదండీ. ఇంట్లో కూర్చుని అది తెలియదు."

"తెలిసిందా?"

"ఇంకా ఆఖరిది, తొమ్మిదో ఇన్నింగ్స్ ఉందిగా."

"గడుసుదానివి. మరిక అరవకు. నా పరువు పోయినా సరే."

"అరవనా? ఇప్పుడేగా రాగం కుదిరింది."

"ఏంటి ఆల్సీడ్, ఇద్దరూ మూగనోము పట్టారు? ఒక్క పరుగు వెనకున్నాం, ఇద్దరు ఔటయ్యారు, ఇంకొకడు ఔటైతే ఆట అయిపోయినట్టే. రెండో బేస్ మీద మనవాడున్నాడు, వాడు ప్లేటు దాకా వస్తే సమం. అరవండయ్యా ఎవరో ఒకరు."

"ఉండు డూయీ, చూడనీ."

"ఆల్సీడ్ గారూ, ఆ రెండో చెయ్యి ఇలా ఇవ్వండి."

"తీసుకో. పిచర్ వేశాడు. కొట్టాడమ్మాయ్, కొట్టాడు."

"కుడి పక్కకి, కుడి పక్కకి. పరిగెత్తు. మూడో బేస్ దాటాడు. రావాలి, రావాలి, వచ్చెయ్."

"బంతి విసిరారు. బంతి వస్తోంది. జారు, కిందకి జారు."

"జారాడు. దుమ్మండీ, ఏమీ కనబడట్లేదు. నాన్న చెయ్యి. నాన్న చెయ్యి ఎటు లేస్తోంది?"

"ఔటన్నాడమ్మాయ్."

"అయిపోయింది ఆల్సీడ్. సర్వనాశనం. ఔటంట. కాలు ముందే ప్లేటుకి తగిలింది, గుడ్డివాడికైనా కనబడుతుంది."

"ఆగు డూయీ. కొరీన్, ఇటు చూడు. నిజం చెప్పు, నువ్వేం చూశావు?"

"ముందు ఎర్రచొక్కావాడు చేతిలో బంతిని వాడి పిక్కకి తాకించాడు. తర్వాతే కాలు ప్లేటుకి తగిలింది. ఓడిపోయాం ఆల్సీడ్ గారూ."

"నేనూ అదే చూశా. జుట్టంత తేడా. ఆ మోకాలితో, ఆ దుమ్ములో, జుట్టంత తేడా పట్టుకున్నాడు మనిషి."

"మీ కళ్ళలో నీళ్ళు."

"దుమ్ము."

"ఒరేయ్ వెర్నన్, దొంగ వెధవా, ఎర్రచొక్కాలవాళ్ళు నీకేం పెట్టార్రా? అమ్ముడుపోయిన ముఖమా."

"డూయీ, ఆ మాట వెనక్కి తీసుకో."

"ఎందుకు తీసుకోవాలి? పాతికేళ్ళుగా నువ్వనట్లేదా ఆల్సీడ్?"

"కళ్ళు లేవన్నాను. దొంగ అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు."

"రెండూ ఒకటే. అందరూ అంటున్నారు, విను. దొంగ. దొంగ."

"ఆల్సీడ్ గారూ, కూర్చోండి. లేవకండి. వద్దు, కావాలంటే నేను అరుస్తాను. ఏమనాలో చెప్పండి, నేను అరుస్తాను."

"ఇది అరువు గొంతుతో అనే మాట కాదమ్మాయ్. ఒరేయ్ డూయీ. ఒరేయ్ అందరూ వినండి. అది ఔటే. ఆయన చూసిందే నిజం. ఇంకొక్కడు ఆయన్ని దొంగ అన్నాడంటే ముందు నాతో తేల్చుకోవాలి. ఆ వెర్నన్ గిడ్రీ మా వియ్యంకుడు."

"ఏయ్, మూడో వరసాయనా. ఎవరికి ఎవరు వియ్యంకుడు?"

"మామయ్యగారూ, కూర్చోండి. నాన్నకి మేమింకా చెప్పలేదు."