పదో మనిషి

పదిమంది పోగైతేనే తెరుస్తుందట వదినా, ఆ సీసా. ఏం, ఎనిమిదిమందికి తెరిస్తే ఏం మునిగిపోతుంది? ఒక్కో సీసాలో పదిమందికి సరిపడా టీకా మందుంటుందట, మూత తీశాక ఆ పూటే వాడెయ్యాలట, మిగిలితే పారబొయ్యాలట, పారబోస్తే పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారట. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ నర్సమ్మ ఇదే పాఠం. ఫోన్లో మెసేజ్ పంపినప్పుడు మాత్రం ఈ ముక్క రాయలేదు. ఫలానా రోజు, ఫలానా బడి, సాయంత్రం రండి అన్నారు. వచ్చాం. ఇప్పుడేమో ఇంకో ఇద్దరు రావాలి, కూర్చోండి అంటోంది.

అదేంటి, అక్కడ కూర్చున్నారు? తలుపు పక్కన ఎండ మొహం మీద పడుతోంది. ఇటు గోడవైపు రండి, ఫ్యాను గాలైనా తగులుతుంది.

వద్దా? సరే, మీ ఇష్టం. నేనే ఇటు జరుగుతాను. అన్న అంటూనే ఉండేవారు, మా ఆవిడ ఒకసారి కాదందంటే తలకిందులుగా తపస్సు చేసినా అంతే అని.

చిన్నపిల్లల బల్లలు ఇవి. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి నాకు. బోర్డు మీద చూశారా, ఏ పిల్లాడో సూర్యుడికి మీసాలు పెట్టాడు. ఎవరూ తుడవలేదు. బడి మూసి ఎన్నాళ్ళైందో పాపం.

నిజం చెప్పనా వదినా, మీ ఫోన్ వచ్చినప్పుడు తెర మీద మీ పేరు రెండుసార్లు చదువుకున్నాను. అన్న పోయిన రోజు వచ్చాను, అంతే, మళ్ళీ మీ గుమ్మం తొక్కలేదు నేను. తిడతారనుకున్నాను. మీరేమో, నీక్కూడా ఇంకా పడలేదు కదా, ఇద్దరికీ కలిపి బుక్ చేశాను, నాకు తోడు రా అన్నారు. మీ తమ్ముడున్నాడు, పక్కింటివాళ్ళున్నారు. నన్నే ఎందుకు పిలిచారా అని... అడగట్లేదు లెండి. పిలిచారు, వచ్చాను.

అదిగో, ఎవరో వస్తున్నారు. చేతికర్ర పట్టుకుని, పెద్దావిడ. తొమ్మిది. చూశారా, తల కనిపిస్తే చాలు లెక్కపెట్టేస్తాను. కండక్టరు బుద్ధి పోదు కదా.

ఎన్నేళ్ళు చేశామండీ ఒకే బండి మీద, అన్నా నేనూ. ముందు సీట్లో ఆయన, వెనక తలుపు దగ్గర నేను. డిపోలో అందరూ ఆయన్ని నిదానం అని పిలిచేవారు, మీకు తెలుసు కదా. కుర్ర డ్రైవర్లు హారన్ కొట్టుకుంటూ దాటేసి పోతుంటే నాకు కడుపు మండిపోయేది. కాస్త తొక్కండన్నా అంటే, పోనీరా, వాడు ముందు పోయి ఎర్రలైటు దగ్గర మనకోసం ఆగుతాడు అనేవారు. నిజంగానే ఆగేవాడు వాడు.

నేను బెల్లు కొట్టి రైట్ అంటేనే బండి కదిలేది. లోపల ఎంత గొడవ జరుగుతున్నా ఆయన వెనక్కి తిరిగేవారు కాదు. ఒకసారి అడిగాను, ఏంటన్నా, ఇక్కడ కొట్టుకు చస్తుంటే ఒక్కసారైనా తల తిప్పరు అని. అద్దంలో అంతా కనిపిస్తుందిరా, నువ్వు చిల్లర లేదని అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటావు, అది కూడా కనిపిస్తుంది అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు చెవి దురద పెట్టినా గోక్కోలేదు నేను.

మీరు నవ్వారా? మాస్కు వెనక ఏమీ తెలియడం లేదు.

ఈ నర్సమ్మే వదినా, ఆ రోజు కూడా. అవును, ఈవిడే. నేను మీకు చెప్పాను కదా, మీ ఇంటికి వచ్చినప్పుడు. ఒక్కరు తక్కువయ్యారని సీసా తెరవలేదు, తెరిచుంటే అన్నకి ఆ రోజే టీకా పడేది, ఇలా అయ్యేది కాదు అని. మీరు వింటూ తల ఊపారు. అక్కడున్న చుట్టాలంతా ఆవిణ్ణి దుమ్మెత్తిపోశారు. మీ పెద్దన్నయ్యైతే ఇక్కడిదాకా వచ్చి, గేటు దగ్గర నిలబడి, ఒక ప్రాణం విలువ నీకు తెలుసా అని అరిచాడట. ఆవిడే, క్షమించండి అందట.

ఇందాక మన టోకెన్లు చూసేటప్పుడు నా మొహంలోకి చూసింది. గుర్తుపట్టలేదు. ఈ మాస్కు ఒకందుకు మంచిదే.

మంచినీళ్ళు ఉన్నాయా మీ సంచిలో? వద్దు లెండి, వద్దు.

ఇక్కడి వాసన ఉంది చూడండి, ఆ స్పిరిటు వాసన, అది ముక్కుకి తగిలితే చాలు నా కళ్ళు తలుపు ఎటుందో వెతుక్కుంటాయి. నవ్వుకోండి. తాగి బస్సెక్కిన వస్తాదుల్ని కాలర్ పట్టుకుని దింపినవాణ్ణి. సూది అంటే మాత్రం... మా ఆవిడకి కూడా తెలీదు. ఎవరికి చెప్పుకుంటాం? మీసాలున్న మగాడు సూదికి భయపడతాడంటే డిపోలో బతకనిస్తారా? పైగా డిపోలో అందరికీ చెప్పింది నేనే, వేయించుకోండిరా, పిరికి సన్నాసుల్లారా, చీమ కుట్టినట్టుంటుందంతే అని. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అన్న ఒక్కరే అడిగారు, మరి నువ్వెప్పుడురా అని. మీతోనే అన్నాను. అలా వచ్చాం ఆ రోజు ఇద్దరం.

అదిగో. వెల్డింగు షాపతను అనుకుంటా, చేతికి గ్లవ్సు కూడా తియ్యకుండా పరిగెత్తుకొచ్చాడు. ఇంకా ఇస్తున్నారా అని అడుగుతున్నాడు.

పది.

నర్సమ్మ లేచింది. ఐసు పెట్టె దగ్గరికి వెళ్ళట్లేదు, చేతులు కడుక్కుంటోంది. పూర్తిగా, మోచేతుల దాకా. ఇంకాస్త టైముంది.

వదినా, ఒక మాట చెప్పాలి. సూది వేయించుకున్నాక చెబుదామనుకున్నాను. కానీ అప్పుడు చెబితే అది చెప్పినట్టు కాదు. పని గడుపుకుని చెప్పినట్టవుతుంది.

ఆ రోజు తొమ్మిదిమందిమే ఉన్నాం అన్నాను కదా మీతో. అందరితోనూ అదే అన్నాను. నా సర్వీసులో తలల లెక్క ఎన్నడూ తప్పలేదు నాకు. చెకింగువాళ్ళు మధ్యదారిలో ఎక్కి లెక్కపెట్టినా నా లెక్కే నిలబడేది.

తొమ్మిది కాదు వదినా. పది.

పదోవాణ్ణి నేనే. నర్సమ్మ సీసా తియ్యడానికి లేచింది. ఇలాగే, చేతులు కడుక్కుంటోంది. అన్న అప్పటికే చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి పెట్టుకున్నారు. మడత మీద మడత, ఇస్త్రీ చేసినట్టు, ఆయన పని ఏదైనా అంతే కదా. నాకు ఆ వాసన తగిలింది. అన్నా, ఒక్క నిమిషం, టీ తాగొస్తా అన్నాను. ఇప్పుడేం టీ రా అన్నారు. అప్పటికే నేను ఆ తలుపు దాటేశాను.

టీ తాగలేదు. బడి గోడ పక్కన, కుళాయి వెనకాల నిలబడ్డాను. కిటికీలోంచి అన్న గొంతు వినిపిస్తూనే ఉంది. ఒక్క నిమిషం ఆగండమ్మా, మావాడు వచ్చేస్తాడు, కండక్టరు లేకుండా బండి కదలదు కదా అంటున్నారు. అందరూ నవ్వారు. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. నా జేబులో ఫోను మోగింది. నొక్కి పట్టుకున్నాను, చంటిపిల్ల నోరు మూసినట్టు. మళ్ళీ మోగింది.

నర్సమ్మ చాలాసేపు ఆగింది వదినా. ఆవిడ మీద నేను చెప్పినవన్నీ అబద్ధాలు. రోడ్డు మీదకి వచ్చి, ఎవరైనా ఉన్నారా, ఒక్కరు చాలు అని అటూ ఇటూ పోయేవాళ్ళని అడిగింది. నాకు ఇంత దూరంలో నిలబడి అడిగింది. నేను గోడకి అతుక్కుపోయాను.

చివరికి పెట్టె మూసేసి పంపించేసింది అందరినీ. అన్న బయటికి వచ్చారు. చొక్కా చెయ్యి మడిచింది మడిచినట్టే ఉంది. స్కూటరెక్కి, అద్దం సరిచేసుకున్నారు. కాసేపు అలాగే కూర్చున్నారు, స్టార్ట్ చెయ్యకుండా. ఎందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత వెళ్ళిపోయారు.

మర్నాడు డ్యూటీలో ఏమంటారోనని చస్తూ బతుకుతూ వెళ్ళాను. టీ బాగుందా అని అడిగారు. అంతే. బాగుందన్నా అన్నాను. నేను ఎక్కాక, రైట్ అనకముందే బండి తీశారు. ఇన్నేళ్ళలో అదొక్కసారే.

ఆ తర్వాత మందే రాలేదు. గేటుకి స్టాకు లేదని బోర్డు. ఆ బోర్డు తీసేలోపు ఆయనకి దగ్గు మొదలైంది. మిగతాది మీకు తెలుసు.

డాక్టరుని అడిగాను వదినా, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. టీకా పని చెయ్యడానికి కూడా కొన్ని వారాలు పడుతుందట. ఆ రోజు వేయించుకున్నా ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరన్నాడు. ఆ మాట తలకింద పెట్టుకుని పడుకుందామని చూశాను. నిద్ర పట్టలేదు. అన్న ఒక్కరే కాదు కదా. మిగతా ఎనిమిదిమంది ఉన్నారు. వాళ్ళెవరో, ఏమయ్యారో తెలీదు నాకు. బస్సులో ఎవరైనా దగ్గితే వాళ్ళలో ఒకరేమో అనిపిస్తుంది.

ఏదో ఒకటి అనండి. లేచి వెళ్ళిపోదామని ఉంటే... వద్దు వదినా, మీరు మాత్రం లేవకండి. మీరు లేస్తే తొమ్మిది. పోనీ నన్ను పొమ్మంటారా, నేను లేచినా తొమ్మిదే. ఆ పెద్దావిడ కర్ర పట్టుకుని ఎంత దూరం నుంచి వచ్చిందో. నా మొహం చూడాలని లేకపోయినా ఈ పూటకి మీరు నన్ను భరించాలి. చూశారా నా బతుకు, తప్పు ఒప్పుకున్నా మీకు లేచిపోయే దారి లేకుండా ఒప్పుకున్నాను.

ఏమన్నారు?

తెలుసా?

ఎప్పటినుంచి?

ఆ సాయంత్రమే అన్న చెప్పారా. ఇంటికొచ్చి, మడత విప్పుతూ.

అద్దంలో కనిపించానా. కుళాయి వెనక. చెవి గోక్కుంటూనా?

మరి నేను మీ ఇంటికొచ్చి నర్సమ్మని తిడుతుంటే వింటూ తల ఊపారు. తెలిసే ఊపారా. నేను ఇంకా ఎంతదాకా పోతానో చూద్దామనా.

ఆస్పత్రిలో కూడా అన్న నా గురించి చెప్పారా? ఏమని? ఊపిరి అందక రెండు మాటలే మాట్లాడగలిగారన్నారు కదా. అందులో ఒకటి నాకు ఖర్చు పెట్టారా?

వాడికి సూదంటే భయం. నువ్వు వెళ్ళేటప్పుడు వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళు. అంతేనా. అంతే అన్నారా.

నేను మీకు తోడొచ్చాననుకున్నాను.

నేను పారిపోకుండా తలుపు దగ్గర కూర్చోమని కూడా ఆయనే చెప్పారా? కాదా. అది మీ సొంత తెలివా.

తిట్టండి వదినా. ఒక్క తిట్టు తిట్టండి, చచ్చి మీ కడుపున పుడతాను. తిట్టరా. క్షమించలేదు కూడా అంటున్నారు. సరే. ఆయన చెప్పారు కాబట్టి తీసుకొచ్చారు, అంతే. సరే. నేనూ అడగలేదు లెండి. అడిగే మొహం కాదు ఇది.

ఆ నర్సమ్మతో కూడా చెప్పాలంటారా? మాస్కు తీసి చెప్పాలా? చెబుతాను. ముందు సూది వెయ్యనీండి ఆవిణ్ణి, నా మీద కోపంతో ఆవిడ గురి తప్పితే పదిమందికీ ఇబ్బంది. తర్వాత అరగంట ఇక్కడే కూర్చోబెడతారట కదా. అప్పుడు చెబుతాను. మీరు వింటూనే ఉంటారుగా.

పిలుస్తోంది. సీసా మూత తీసేసింది. ఇక అయిపోయింది, తీసేసింది.

పదండి వదినా. మీరు నడవండి, మీ వెనకే నేను...

ఏంటి?

ఇన్నేళ్ళూ వెనక నిలబడే ఉద్యోగం నాది. అయినా నమ్మరా?

సరే. నేనే ముందు నడుస్తాను.