మెడ లేని ఉబ్బు

ఆసుపత్రి వరండాలో, కుళాయిలూ గొట్టాలూ బిగించే తమ్ముడు మోకాలి మీద కాగితం పెట్టుకుని బొమ్మ గీస్తున్నాడు. పక్కనే అక్క, స్కానింగు కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"...మళ్లీ అటు చూస్తావేంటి? ఇటు చూడక్కా. ఇది నీ తలలో రక్తనాళం. ఇదిగో, ఇక్కడ పక్కకి బుడగలా ఉబ్బింది."

"సొరకాయలా ఉంది."

"నవ్వు, నవ్వు. ఫోన్‌లో చదివాను. ఒక పద్ధతి, పుర్రె తెరిచి ఆ బుడగ నాళానికి అతుక్కునే చోట, దాని మెడకి క్లిప్పు బిగించేస్తారు. రెండోది, తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పైదాకా పంపి, బుడగ నిండా తీగచుట్టలు కుక్కుతారు. తల కొయ్యక్కర్లేదు."

"నువ్వయితే ఏది చేస్తావు?"

"క్లిప్పే. గట్టి పని. తీగయితే కొన్నాళ్లకి నొక్కుకుపోయి, బుడగ మళ్లీ నిండొచ్చట. అప్పుడప్పుడూ స్కానింగు తప్పదు."

"జుట్టు తీసేస్తారా?"

"కొంచెమే. గుండైనా నీకు బాగుంటుందిలే. కాకపోతే కోలుకోడానికి నెలలు పడుతుంది. తీగయితే నాలుగు రోజుల్లో ఇంటికి. పోనీ తీగే... అక్కా, నువ్వూ ఏదో ఒకటి అనవే! భయమేసి వాగుతున్నాను."

"టీ తాగావా?"

"మాట మార్చకు. నిన్న పెద్ద డాక్టరు ఏమన్నాడు? నేనేమో ఆ పంపు పని వదిలి రాలేకపోయాను."

"ఏమంటాడు... మంచాయనే. నిదానంగా చెప్పాడు."

"ఏం చెప్పాడు? క్లిప్పా, తీగా?"

"ఒరేయ్, పాత ఇళ్లలో పని చేస్తావు కదా. గొట్టం ఒక పక్కకి కాదు, పొడుగునా పల్చబడి ఉబ్బిపోతే ఏం చేస్తావు?"

"పొడుగునానా? ఇంక దానికి మెడెక్కడిది, ఎక్కడని బిగిస్తాం? లోపల ఏదన్నా కుక్కితే నీళ్లకే దారుండదు. ఆ ముక్క కోసేసి కొత్తది వేస్తాను."

"కొయ్యడానికి లేదనుకో. ఇల్లంతటికీ నీళ్లు దాన్లోంచే."

"ఒక్క నిమిషం ఆపినా..."

"ఆపకూడదు."

"అయితే చెయ్యి పెట్టను. పెడితే నా చేతిలోనే పగులుతుంది. ఉన్నన్నాళ్లు వాడుకోండమ్మా అని చెప్పి వచ్చేస్తాను. ఇంతకీ ఎవరింట్లో?"

"ఇంకే దారీ లేదా?"

"లేదే. ఎవరింట్లో అక్కా?"

"పెద్ద డాక్టరూ ఇదే అన్నాడురా. నువ్వయినా ఇంకోటి చెప్తావేమోనని అడిగాను."