కొండప్ప బజ్జీ వాసన చూసి ఊరి కాయలు అమ్మిన సంగతి

ఏమప్పా గిరీ, పొద్దున్నుంచి ఆ సెల్లు చెవికి పెట్టుకొని అమ్మాల్నా వద్దా, అమ్మాల్నా వద్దా అని అరుస్తానే ఉండావు. షేర్లంట. ఢిల్లీలో ఎవరో తుమ్మితే ఈడ నీకు జలుబు. కూచో, ఆ మంచం మీద కూచో. మన కొండప్ప ఉండేవాడు చూడు, అప్పుడు నువ్వు చిన్నపిల్లోడివి, నీకు గుర్తుండదులే. వేలిముద్ర మనిషి. కానీ శెనక్కాయలు ఎప్పుడమ్మాల, ఎప్పుడు పట్టి పెట్టాల అంటే ఊరంతా ఆయన మొగమే చూసేది. ఎట్ల తెలుసుకునేవాడంటావా, చెప్తా ఇను. వారానికోసారి గుంతకల్లుకు పోయేవాడు. టేషన్ బయట సిద్దమ్మది బొరుగుల ఉగ్గాని, బజ్జీ బండి. ఉగ్గాని వద్దు, బజ్జీ మాత్రమే అడిగేవాడు. ఊరికే తినడు. మధ్యకు చీల్చి, ముక్కు కాడ పెట్టుకొని కండ్లు మూసుకునేవాడు. సిద్దమ్మ ఎగతాళి చేసేది, తింటావా, దండం పెట్టుకుంటావా అని. ఆయన లెక్క ఏమంటే, నూనె ధర ఎక్కితే తగ్గితే అందరికంటే ముందు కాలేది బజ్జీ బండికేనంట. సిద్దమ్మ శెనక్కాయ నూనె పోస్తాండాదంటే బయటి దేశం నూనె ఇంకా పిరమే, చౌక కాలేదు, కాయలు పట్టి పెట్టొచ్చు. ఆ బయటి పామాయిలుకు దిగిందంటే ఇంగ మన కాయలనడిగే నాథుడుండడు, అమ్మేయాల. అంతే. పదేండ్లు ఒక్కసారీ తప్పలేదు.

నేనూ ఎంట పోయేవాణ్ని. అప్పుడే రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకొనింటి, కొత్త మోజు. గోడ మీద సున్నం రాతల కాడ్నించి సోడాసీసా దాకా ఏది కనపడితే అది చదివేది. ఆయన బజ్జీ వాసన చూస్తాంటే నేను బజ్జీ చుట్టిన పేపరు కాగితం చదువుతాంటి. నవ్వొద్దు. ఆ యేడు, తొంభై ఎనిమిదో ఏమో, మన పక్క వాన లేక కాయ తక్కువ, ధర మంచి ఎక్కుడు మీదుండాది. ముప్పై ఇండ్లోళ్లు మూటలు తెచ్చి కొండప్ప కొట్టంలో వేసి, నువ్వెప్పుడమ్మితే అప్పుడు అన్నారు. తినేదీ ఆ దుడ్లతోనే, మళ్లీ విత్తనం కొనేదీ ఆ దుడ్లతోనే. నేను మాత్రం నావి ఇంట్లోనే పెట్టుకొనింటి. చదువుకున్నోణ్ని కదా, ఒకరి ముక్కును నమ్మేదేంది. ఆయన పెండ్లాం నల్లమ్మ అనేది, ముప్పై ఇండ్ల కూడు నీ ముక్కు మీదుండాది, పడిశం పట్టకుండా చూసుకో అని.

ఇంగ అస్లాం. నూనె మిల్లుకు కాయలు కొనే దలాలి. మంచోడే, చేయి మాత్రం బిగువు. పెండ్లికి పోతే అరుగుతాయని చెప్పులు చంకలో పెట్టుకొని పోయే రకం. ధర ఇంకా ఎక్కకముందే కొట్టంలో సరుకంతా లాగల్లని ఆయప్పకు. కొండప్ప గుట్టు ఎట్లనో పసిగట్టినాడు. పోయి సిద్దమ్మకు ఒక పామాయిలు డబ్బా ఇచ్చినాడు, అక్కా, వారం దినాలు దీంట్లోనే కాల్చు, దుడ్లేమీ వద్దు అని. ఆ వారం మేము పోయినాము. కొండప్ప బజ్జీ చీల్చినాడు, ముక్కు కాడ పెట్టినాడు, మొగం నల్లగయ్యింది. కొరికినాడు. చల్లారిన బజ్జీ పెదాలకు మైనం మాదిరి అంటుకొనింది. సిద్దమ్మకు అబద్ధం చెప్పేదానికి రాదు, అడిగితే ఉండేది ఉండేట్టు చెప్పేసింది, డబ్బా అస్లాందని, ఊరికే ఇచ్చినాడని. నాకు నవ్వాగలేదు. చూసినావా, నిన్ను ఏమార్చేదానికే ఇదంతా అంటిని. నా చేతిలో కాగితం చూపిస్తిని, ఉగాది దాకా ధర ఎక్కుతాదని పెద్ద అక్షరాలతో వేసినారు. కొండప్ప పోయి టేషన్ గోడ మీద కూచొని మిగిలిన మూడు బజ్జీలూ తిన్నాడు, మెల్లగా. లేచి పంచెకు చేతులు తుడుచుకొని నేరుగా అస్లాం కాడికి పోయి, లారీ పంపప్పా, అంతా ఎత్తుకో అన్నాడు.

ఊరోళ్లు ఊరుకుంటారా. కొట్టంలో మూటలేసిన నల్లప్ప అయితే నడివీధిలో నిలబడి, ఒక డబ్బా నూనెకు ఊరంతా అమ్ముకొనొస్తివి కదయ్యా అని దులిపేసినాడు. కొండప్ప లారీ నిండినాక మా వాకిలి ముందర ఆపించినాడు.

"నీవీ ఎయ్యప్పా."

నేను కాగితం తీసి చూపిస్తిని. చూసినాడు, అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు. "ఇది ఏనాటిదప్పా?" అన్నాడు.

తారీకు చూడల్లని నాకెవరు చెప్పినారు? "ఏనాటిదైతే ఏమి, అచ్చులో ఉండాది" అంటిని. డ్రైవరుకు చేయి ఊపినాడు. లారీ కదిలింది.

రెండు నెలలు తిరగలే. ఢిల్లీలో బయటి నూనె మీద సుంకం తగ్గించినారంట, మద్రాసుకు ఓడలెంబడి ఓడలు దిగినాయంట. చౌక డిపోల్లో పామాయిలు ప్యాకెట్లు ఇస్తాండిరి. మన కాయల ధర బావిలో బొక్కెన జారినట్లు జారిపోయింది. మిల్లు గేటుకు బీగం. అస్లాం పాపం ఆ సరుకు పెట్టుకొని తిరిగి తిరిగి, ఒక దినం మన ఊరికే వచ్చినాడు. కొండన్నా, డబ్బా నాదని తెలిసీ ఎట్లమ్మితివి, అది ఒక్కటి చెప్పు అన్నాడు.

"చెప్పులు చంకలో పెట్టుకొని పెండ్లికి పోయేవాడివి నువ్వు. నువ్వే డబ్బా నూనె ఊరికే ఇచ్చినావంటే, ఆ నూనె యాడో నీళ్ల మాదిరి పారతాండాదని కదా. బజ్జీ అబద్ధం చెప్పింది అస్లామూ. నువ్వు నిజం చెప్తివి."

అస్లాం తల మీద టోపీ తీసి మళ్లీ పెట్టుకొని, నవ్వినాడు. ఏం చేస్తాడు. నల్లమ్మ ఇద్దరికీ సంగటి పెట్టింది.

నన్ను మాత్రం ఒక్క మాట అనలేదప్పా ఆయప్ప. అనింటే నేనూ నాలుగు అందును, సరిపోతాండె. విత్తే కాలానికి మా ఇంట్లో గింజ లేదని ఎట్ల తెలిసిందో, మా వాకిట్లో రెండు మూటల విత్తనం దించి, బండి తోలుకొని పోయినాడు, ఎనక్కి తిరిగి చూడలే. ఆయన పోయి కూడా ఇరవై ఏండ్లాయ.

ఏమి? నా మూటలా? ఉగాదికి ఏమైనాయంటావా?

అదిగో, ఆ మేక నీ చెప్పు నములుతాండాది చూడు. పట్టు దాన్ని.