మునిసంద్రకు ఆరు మెయిళ్లు

తమ్ముడికి రాసిన మెయిళ్లు ఓసారి చూడమని ఆమె చంద్రగిరి నెట్ సెంటర్ అమ్మాయి చేతికి ఫోన్ ఇచ్చింది.

"కోపంతో నంబరు మార్చేసినాడు. ఏడాదిలో ఆరు రాసినా, ఒక్కదానికీ బదులియ్యలా."

"ఒక్కటీ పోలేదక్కా. అన్నీ తిరిగొచ్చినాయి. ఆయన పేరేంది?"

"మునిసంద్ర."

"మునిచంద్రేనా?"

"అదే గదమ్మా చెప్తా ఉండేది, మునిసంద్ర!"

అమ్మాయి నవ్వింది. "మీరు పలికినట్టే అడ్రసులో ‘స’ కొట్టినారక్కా. ‘చ’ ఉండాల."

"అయితే ఇప్పుడు వాడికి కోపం లేదా?"

"మీరు రాసిందే ఆయనకి తెలీదు. అన్నీ మళ్లీ పంపేదా?"

"అయిదిట్లో తిట్టినా. కడాకు రాసింది పంపు."

"దీంట్లో ‘తిన్నావా అబ్బోడా’ అని తప్ప ఏమీ లేదే!"

"అదే పంపు."

"పోయిందక్కా. ఇంటికి పోండి. జవాబు ఫోన్‌కే వస్తాది."

"రోంతసేపు ఈడే కూచుంటాలేమ్మా."